కంప్యూటర్‌లో సరిచేసిన రూట్ ఫోన్‌లో ఎందుకు మారిపోతుంది?

హైదరాబాద్‌లో బయల్దేరి శ్రీశైలం, మహానంది, అహోబిలం, గండికోట చూసుకుని తిరుపతి చేరాలని, కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్‌లో సరిచేసుకున్న దారి ఫోన్‌కి పంపగానే మారిపోతోందని అడిగారు.

కారణం ఇదండీ. నీలం గీతను మౌస్‌తో పట్టి లాగితే దారి మారుతుంది గానీ అక్కడ స్టాప్ పడదు. ఫోన్‌లో నిలిచేవి స్టాపులే, వాటి మధ్య దారిని ఫోన్ మళ్లీ లెక్కేసుకుంటుంది. కాబట్టి గీత లాగడం మానేసి, మీరు వెళ్లాలనుకున్న రోడ్డు మీదే ఒక స్టాప్ పెట్టండి.

అహోబిలం నుంచి గండికోటకు ఆళ్లగడ్డ, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా వెళ్లాలనుకోండి. ఉత్త 'ప్రొద్దుటూరు' అని కొడితే పిన్ ఊరి నడిబొడ్డున పడి, బండి బజారులో ఇరుక్కుంటుంది. శాటిలైట్ వ్యూ పెట్టి బాగా జూమ్ చేసి, మీరు వెళ్లే రోడ్డు మీద రైట్ క్లిక్ చేయండి. మెనూలో పైన కనిపించే అంకెలు (ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు) నొక్కితే కాపీ అవుతాయి. వాటినే స్టాప్‌గా పేస్ట్ చేయాలి. డివైడర్ ఉన్న హైవే అయితే పిన్ మీరు వెళ్లే వైపే పడిందో లేదో చూసుకోండి. అవతలి వైపు పడితే ఎక్కడికో పోయి యూటర్న్ కొట్టి రమ్మంటుంది.

బయల్దేరే చోటుతో కలిపి పది పాయింట్లకు మించి పట్టవు కాబట్టి రోజుకో రూట్ చేసి, లింకులు విడివిడిగా దాచుకోండి. మై మ్యాప్స్‌లో (సొంత మ్యాప్ తయారుచేసుకునే గూగుల్ సాధనం) హోటళ్లు, పెట్రోల్ బంకులు గుర్తుపెట్టుకోవచ్చు, అంతవరకే. అందులో గీసిన దారిని పట్టుకుని మలుపు మలుపుకీ దారి చెప్పదు. అహోబిలానికి పిన్ పెట్టేటప్పుడు ఎగువదో దిగువదో చూడండి, రెంటికీ మధ్య దాదాపు 8 కిలోమీటర్లుంది.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది నల్లమలలో. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలోని మన్ననూరు అటవీ చెక్‌పోస్టు రాత్రి 9కి మూసి పొద్దున 6కి తీస్తారు. శ్రీశైలం దాటాక వచ్చే దోర్నాల వైపూ అంతే. మ్యాప్ చూపించే టైం శ్రీశైలం చేరేదాకా మొత్తానికి, మీకు కావాల్సింది గేటు దాకా ఎంతసేపో. అందుకే నేనైతే మన్ననూరు గేటునే ఒక స్టాప్‌గా పెడతాను. స్టాపులు చేర్చాక 'ఈ టైంకి బయల్దేరితే' అనే ఆప్షన్ కనిపించదు గనక హైదరాబాద్ నుంచి మన్ననూరు వరకు మాత్రమే విడిగా పెట్టి, మీరు బయల్దేరే రోజు, గంట ఇచ్చి చూడండి. తక్కువ, ఎక్కువ అని రెండు అంకెలిస్తుంది. ఎక్కువదే లెక్కలోకి తీసుకుని, భోజనానికి ఇంకో ముప్పావుగంట కలపండి. శ్రీశైలంలో దర్శనం ఎంతసేపు పడుతుందో మ్యాప్‌కి తెలియదు, కాబట్టి దోర్నాల గేటు టైం నుంచి వెనక్కి లెక్కేసుకోండి. దోర్నాల నుంచి ఆత్మకూరు రోడ్డు కూడా అడవే, వెలుతురుండగా దాటడం మంచిది.

అడవిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. ఇంట్లో వైఫై మీదే ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి. దించుకునేటప్పుడు తెరమీద కనిపించే పెట్టె అచ్చంపేట నుంచి దోర్నాల, ఆత్మకూరు దాకా కప్పాలి. నావిగేషన్ మాత్రం శ్రీశైలంలో సిగ్నల్ ఉండగానే మొదలుపెట్టండి.