షాఫ్టు మీద ప్రొపెల్లరు నిలవాలంటే – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: తిరుపతిలో ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాను. నేనూ ఇద్దరు మిత్రులూ కలిసి పీవీసీ పైపులతో, పడవల అడుగున చేరే నీటిని తోడే 12 వోల్టుల బిల్జ్ పంపు మోటార్లతో నీటిలో తిరిగే చిన్న రోబోను తయారు చేశాము. పంపులో నీటిని నెట్టే ఇంపెల్లరు చక్రాన్ని తీసివేసి, మోటారు తిప్పే ఆ కడ్డీకే, అంటే షాఫ్టుకే, ప్లాస్టిక్ ప్రొపెల్లరును (రెక్కల చక్రాన్ని) సూపర్ గ్లూతో అంటించాము. బకెట్టులో బాగానే తిరిగింది గానీ, చంద్రగిరి దగ్గర మా తాతగారి బావి తొట్టిలో దించి ముందుకూ వెనక్కూ నడిపేసరికి పది నిమిషాల్లో ఒక ప్రొపెల్లరు ఊడి అడుగుకు పోయింది. ఎపాక్సీ వాడినా అదే తంతు. ఇంతకంటే గట్టి జిగురు ఏదైనా ఉంటే చెప్పగలరు.

జవాబు: మీరు జిగురు అడిగారు, నేను జిగురు మానమని చెప్పబోతున్నాను. కారణం తెలియాలంటే చిన్న లెక్క వేయాలి. మోటారు నుంచి షాఫ్టుకు 20 వాట్ల శక్తి చేరుతోందనీ, నీటిలో అది నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతోందనీ అనుకుందాం. అప్పుడు షాఫ్టు మీద పడే టార్క్, అంటే మెలితిప్పే బలం, సుమారు 0.064 న్యూటన్ మీటర్లు. కేంద్రం నుంచి 2 సెంటీమీటర్ల దూరంలో ప్రొపెల్లరు రెక్కకు నీరు ఇచ్చే ప్రతిఘటనగా దీన్ని చూస్తే అది 300 గ్రాముల బరువుకు కాస్త ఎక్కువ, అంతే. కానీ ఈ తరహా మోటార్లలో చాలావాటి షాఫ్టు వ్యాసం 3.17 మిల్లీమీటర్లు, అంటే మీ జిగురు అంటుకుని ఉన్నది కేంద్రానికి 1.6 మిల్లీమీటర్ల దూరంలో. అదే టార్కుకు అక్కడ పడే బలం దాదాపు 4 కిలోలు. పైగా మీరు స్విచ్చి తిప్పి ఒక్కసారిగా వెనక్కు నడిపినప్పుడు పడే కుదుపు దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. నున్నని ఉక్కు మీద, అందులోనూ నీటిలో, పెళుసైన సూపర్ గ్లూ ఆ కుదుపులకు ఎంతసేపు నిలుస్తుంది? బకెట్టులో బాగా తిరగడానికి కారణం మీరు అక్కడ దిశ మార్చకపోవడమే అయి ఉంటుంది.

మీ తాతగారి పొలంలో బోరు మోటారును పైకి తీసినప్పుడు ఎప్పుడైనా చూడండి. మోటారు షాఫ్టుకూ పంపు షాఫ్టుకూ మధ్య ఉండే కప్లింగులో, అంటే రెంటినీ కలిపే ముక్కలో, పళ్ళ వంటి గాళ్ళు గానీ, కీ అనే చిన్న లోహపు ముక్క కూర్చునే గాడి గానీ ఉంటుంది. వందల అడుగుల లోతున ఏళ్ళ తరబడి తిరిగే ఆ జంటలో జిగురు చుక్క కూడా ఉండదు. ఒక లోహం మరొక లోహాన్ని అడ్డుకుని తిప్పుతుంది. మీ చిన్న షాఫ్టుకూ ఇదే న్యాయం వర్తిస్తుంది.

చవకైన దారి, ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే పింగాణీ కనెక్టరు. దాన్ని పగలగొడితే రెండు స్క్రూలున్న ఇత్తడి గొట్టం ముక్క వస్తుంది. ఒక స్క్రూ షాఫ్టును, రెండోది ప్రొపెల్లరు కడ్డీని పట్టుకుంటాయి. మొదటి ప్రయత్నానికి ఇది చాలు, కానీ నాకు దీని మీద పెద్ద నమ్మకం లేదు. రంధ్రం షాఫ్టు కంటే పెద్దది కావడం వల్ల, స్క్రూ బిగించగానే షాఫ్టు ఒక పక్కకు ఒరుగుతుంది, ప్రొపెల్లరు ఊగుతూ తిరుగుతుంది. ఆ ఊపుకు మోటారు మూతిలోని రబ్బరు సీలు పెదవి ప్రతి చుట్టుకూ కొంచెం తెరుచుకుంటుంది. అంటే నిమిషానికి 3,000 సార్లు నీటికి దారి దొరుకుతుంది. ప్రొపెల్లరు ఊడిపోతే మళ్ళీ కొనవచ్చు. మోటారులోకి నీరు పోతే మోటారే పోతుంది. అందుకే నేను పట్టు కంటే ముందు నడిమధ్య కూర్చోవడాన్నే చూస్తాను.

కాబట్టి లేత్ పనివారి దగ్గరకు వెళ్ళండి. కప్లింగు కోసం 10 మిల్లీమీటర్ల మందపు ఇత్తడి కడ్డీ నుంచి 25 మిల్లీమీటర్ల ముక్క తీసుకుని, దాన్ని పట్టుకునే లేత్ చక్ నుంచి విప్పకుండా ఒకే పట్టులో ఈ చివర నుంచి ఆ చివరకు 3.2 మిల్లీమీటర్ల రంధ్రం వేయించండి. తరువాత సగం వరకు 3.3కు పెంచి, ప్రొపెల్లరు కడ్డీ ఎక్కేందుకు ఎం4 (4 మిల్లీమీటర్ల) ట్యాపుతో లోపల మరలు కోయమనండి. రెండు రంధ్రాలూ ఒకే అక్షం మీద రావాలంటే మధ్యలో ముక్కను తిప్పి బిగించకూడదు. ఇది మాత్రం పనివారికి ముందే చెప్పండి. మరలు లేని సగంలో పక్క నుంచి ఎం3 గ్రబ్ స్క్రూ (తల లేని స్క్రూ) ఒకటి పెట్టిస్తే, షాఫ్టుకూ రంధ్రానికీ తేడా 0.03 మిల్లీమీటర్లే కాబట్టి స్క్రూ నెట్టినా పక్కకు జరిగేది వెంట్రుక మందం కూడా ఉండదు.

గ్రబ్ స్క్రూ కొన కూర్చునే చోట షాఫ్టును ఆకురాయితో అర మిల్లీమీటరు చదును చేయాలి. గుండ్రని షాఫ్టు మీద ఎంత బిగించినా అది జారుతుంది, జారినప్పుడల్లా షాఫ్టు మీద గీతలు పెడుతుంది. ఆకురాయి పట్టే ముందు మోటారు మూతిని ప్లాస్టిక్ కవరుతో మూసి టేపు చుట్టండి. లోపలి అయస్కాంతం ఇనుప రజనును లాక్కుంటుంది, ఒకసారి లోపలికి పోయిన రజను మళ్ళీ బయటకు రాదు. కప్లింగు బిగువుగా ఉందని సుత్తితో కొట్టకండి. ఆ తొందరలో నేనొక మోటారు వెనక మూతనే ఊడగొట్టుకున్నాను.

బిగించాక, ఒక అగ్గిపుల్లను స్టాండుకు కట్టి రెక్క కొనకు తగలీ తగలనట్లు పెట్టి, ప్రొపెల్లరును చేతితో మెల్లగా తిప్పండి. అన్ని రెక్కలకూ సందు ఒకేలా ఉంటే నీటిలో దించవచ్చు. గాలిలో మోటారును ఎక్కువసేపు నడపవద్దు, సీలుకు నీరే కందెన.

ప్రశ్న: చిత్తూరులో పాలిటెక్నిక్ విద్యార్థిని. మాది ఎం4 మరల కప్లింగు. రెండు మోటార్లకూ ఒకే రకం ప్రొపెల్లర్లు. వెనక్కు నడిపినప్పుడల్లా ప్రొపెల్లరు మర విడిపోతోంది. ఎందువల్ల?

జవాబు: మీ పనితనంలో లోపమేమీ లేదమ్మా. ప్రొపెల్లరు వైపు నుంచి చూసినప్పుడు షాఫ్టు అపసవ్యంగా, అంటే గడియారపు ముళ్ళకు ఎదురుగా తిరుగుతుంటే, నీటి ప్రతిఘటన మామూలు కుడి మరను బిగిస్తుంది. సవ్యంగా తిరిగితే విప్పుతుంది. రోబో రెండు వైపులా నడవవలసిందే కాబట్టి ఏదో ఒక దిశలో మర విడిపోయే ప్రమాదం తప్పదు. ప్రొపెల్లరుకు వెనకా ముందూ ఒక్కొక్క నట్టు వేసి, రెంటినీ ఎదురెదురుగా బిగించండి. ముందు వైపు నైలాక్ నట్టు (లోపల నైలాన్ వలయం ఉన్నది) అయితే మరీ మంచిది. మరలకు పూసే త్రెడ్ లాకర్ ద్రవం కూడా పని చేస్తుంది గానీ, అది కొన్ని ప్లాస్టిక్కులను పగుళ్ళు పారిస్తుంది. పూసేది లోహం మీదే కావాలి, ప్రొపెల్లరు మీదకు కారకూడదు. అన్నిటికన్నా నమ్మకమైనది కడ్డీకి అడ్డంగా రంధ్రం వేసి పెట్టే 1 మిల్లీమీటరు పిన్ను. ప్రొపెల్లరు వెనక భాగంలో గాడి కోస్తే పిన్ను అందులో కూర్చుంటుంది, తిప్పే పని పిన్నుది, నట్టు ఊరికే కాపలా.

ఇంకో మాట. రెండు మోటార్లకు ఒకే రకం కాకుండా ఒకటి కుడి తిరుగుడు, ఒకటి ఎడమ తిరుగుడు ప్రొపెల్లరు పెట్టి ఎదురెదురు దిశల్లో నడిపితే రోబో ఒక పక్కకు ఒరగకుండా ఉంటుంది.

ప్రశ్న: సూళ్ళూరుపేట నుంచి రాస్తున్నాను. మా పిల్లల రోబోను పులికాట్ ఉప్పునీటిలో దించాలనుకుంటున్నాము. ఇత్తడి కప్లింగు తట్టుకుంటుందా?

జవాబు: అప్పుడప్పుడు దించేందుకైతే ఇత్తడికి పెద్ద భయం లేదు. దానిలోని గ్రబ్ స్క్రూతోనే చిక్కు. దుకాణంలో ఊరికే అడిగితే ఇచ్చేది నల్లని ఉక్కు స్క్రూ. ఉప్పునీటిలో అది తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, దాన్ని విప్పే ఆరు పలకల అలెన్ కీ తిప్పితే లోపలి ఆరు మూలలూ అరిగి గుండ్రమవుతాయి. స్టెయిన్‌లెస్ స్టీలుదే అడిగి తీసుకుని, మరలకు గ్రీజు రాసి బిగించండి. అల్యూమినియం కప్లింగు మాత్రం వద్దు, స్టెయిన్‌లెస్ షాఫ్టు పక్కన ఉప్పునీటిలో అది గుంటలు పడి అరిగిపోతుంది. ఒడ్డుకు తీసిన వెంటనే మంచినీటితో కడిగి, ప్రొపెల్లరు విప్పి చూడండి. వలల నుంచి తెగిన నైలాన్ దారాలు ప్రొపెల్లరు వెనక షాఫ్టుకు చుట్టుకుని, సీలును కోసుకుంటూ లోపలికి పోతాయి. బయటకు అవి కనబడవు.