బోదకాలు పరీక్షకు రాత్రిపూటే రక్తం ఎందుకు తీస్తారు?

పగలు రక్తం ఇస్తే ఏమీ లేదన్నారు, మళ్లీ రాత్రి పది దాటాక రమ్మంటున్నారు, ఎందుకని అమలాపురం నుంచి అడిగారు.

బోదకాలు పురుగులు లింఫు నాళాల్లో (ఒంట్లో లింఫు అనే ద్రవాన్ని మోసే సన్నని గొట్టాల్లో) కాపురం ఉంటాయి. వాటి పిల్లలైన మైక్రోఫైలేరియాలు పగలు ఎక్కువగా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండి, రాత్రి 10 నుంచి 2 గంటల మధ్య చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. వాటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేదీ రాత్రే. మురుగు కాలవల పక్కన బతికే మన డెల్టా వాళ్లకు ఆ దోమ కొత్త కాదు. కాబట్టి పగటి స్లైడును (గాజు పలక మీద రక్తం పూసి మైక్రోస్కోపులో చూసే పరీక్షను) నమ్ముకుని ఊరుకోవద్దండి.

ఇప్పుడు యాంటిజెన్ స్ట్రిప్ టెస్టు ఉంది. వేలి కొసన గుచ్చి, 75 మైక్రోలీటర్ల రక్తాన్ని పట్టీ మీద వేస్తారు. 10 నిమిషాలకు రెండు గీతలు తేలితే పాజిటివ్, కంట్రోల్ గీత (పట్టీ సరిగా పనిచేసిందని చెప్పే గీత) ఒక్కటే తేలితే నెగెటివ్. ఇది పెద్ద పురుగు వదిలే పదార్థాన్ని పడుతుంది గనుక పగలైనా పర్వాలేదు. నా దృష్టిలో ఇది పెద్ద మేలు, కూలి పనులకు వెళ్లొచ్చి అలసి పడుకున్నవాళ్లను అర్ధరాత్రి లేపక్కర్లేదు.

అయితే మందు వేసుకున్నాక కూడా ఈ టెస్టు చాలాకాలం పాజిటివ్‌గానే చూపించవచ్చు, టెన్షన్ పడకండి. ఏళ్లనాటి వాపు ఉన్న కాలికి మాత్రం రెండు పరీక్షలూ నెగెటివ్ రావచ్చు: పురుగులు చచ్చిపోయినా, అవి పాడుచేసిన నాళాలు అలాగే ఉంటాయి.