పాలు మందంగా ఉండవు

సందేహం: షాంపూ సీసా మీద ‘మందమైన జుట్టు’ అనీ, పెరుగు డబ్బా మీద ‘మందమైన పెరుగు’ అనీ రాస్తున్నారు. ఇంగ్లిష్‌లో రెండింటికీ ‘థిక్’ సరిపోతున్నప్పుడు తెలుగులో ‘మందం’ ఒక్కటే ఎందుకు చాలదు?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

సమాధానం: ‘థిక్’ దేనికైనా అతుకుతుంది. తెలుగులో మాత్రం ముందు వస్తువేమిటో చూసుకోవాలి. అట్ట, రేకు, గోడ, దోసె – వీటికి మందం. కొలిచి చెప్పేదీ మందమే. 120 మైక్రాన్ల కంటే తక్కువ మందమున్న ప్లాస్టిక్ సంచులను 2022 చివరి నుంచి నిషేధించారు. అక్కడ ఇంకో మాట పెట్టలేం. గుడ్డకైతే ‘దళసరి’ ఇంకా బాగుంటుంది. తాడు లావు. అడవి, పొగమంచు దట్టం. పాలూ పెరుగూ చిక్కన.

జుట్టు ఒత్తుగా ఉంటుంది. ‘మందమైన జుట్టు’ అంటే నాకు ఒక్కో వెంట్రుకా కొబ్బరితాడులా ఉన్నట్టు వినిపిస్తుంది! వెంట్రుక లావుగా ఉన్నా, జుట్టు ఒత్తుగా ఉన్నా ఇంగ్లిష్‌కు ‘థిక్’ ఒక్కటే. మనకా తికమక లేదు.

అయితే ఇటువైపు ఇన్ని మాటలున్నా, అటువైపు ‘పల్చన’ ఒక్కటే చాలా పని చేస్తుంది: పల్చటి గుడ్డ, పల్చటి మజ్జిగ, పల్చటి జుట్టు. మీకు అనుమానం ఇక్కడే వచ్చి ఉంటుంది. ఈ తేడాలు తెలుగువాళ్ల చాదస్తమేమీ కాదు. మన ఊళ్లో ఉర్దూ మాట్లాడేవాళ్లూ గుడ్డకు ‘మోటా’, పాలకు ‘గాఢా’, జుట్టుకు ‘ఘనా’ అంటారు.

తెలంగాణలో ‘మందం’ ఇంకో పనీ చేస్తుంది. ‘నలుగురి మందం వండిన’ అంటే నలుగురికి సరిపడా వండానని. గింజ లావైతే ఇక్కడి మాట ‘దొడ్డు’. 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు. అంతకుముందు ఇచ్చినవి దొడ్డు బియ్యం. వాటిని ‘మందం బియ్యం’ అన్నవాళ్లు నాకు తగల్లేదు.

ఇక ఇంగ్లిష్ నుడికారాల జోలికి పోతే ఈ మాటల్లో చాలావరకు పనికిరావు. ‘రక్తం నీటికన్నా చిక్కన’ అని రాస్తే ల్యాబ్ రిపోర్టులా ఉంటుంది. ‘రక్తసంబంధం ఎక్కడికి పోతుంది’ అంటే సరి. సిగ్గూ ఎగ్గూ లేనివాణ్ణి మాత్రం మనమూ ‘తోలు మందం’ అంటాం. ‘థిక్ ఫ్రెండ్స్’ను అనువదించే శ్రమ హైదరాబాద్‌లో అక్కర్లేదు, ‘జిగ్రీ దోస్తులు’ ఉండనే ఉన్నారు.