ఎంపీసీ చదివే పోరడు, ఆదివారం వస్తే సీఎన్‌సీ షాపు: ఏం చెయ్యాలె?

హన్మకొండ నుంచి ఒక అక్క రాసింది. వాళ్ల బాబు ఇంటర్ ఫస్ట్ ఇయర్ ఎంపీసీ. స్కూల్లో ఉన్నప్పుడు అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల త్రీడీ ప్రింటర్ అలవాటైంది, ఇప్పుడు ఆదివారం వస్తే చాలు తలుపుల మీద డిజైన్లు కొట్టే ఒక సీఎన్‌సీ (కంప్యూటర్ల గీసిన డిజైన్ ప్రకారం చెక్కను కోసే మెషిన్) షాపుల పోయి కూసుంటుండు, ల్యాప్‌టాప్‌ల గీసుకపోయి ప్లైవుడ్ కోపిచ్చుకొని, మేకు లేకుండ, ముక్కలు ఇప్పి పక్కన పెట్టుకునేటట్టు స్టడీ టేబుల్ చేసిండు. వాళ్లాయనేమో "ఇంత ఫీజు కట్టి చదివిస్తే వడ్లపని నేర్చుకుంటుండు" అని రోజూ లొల్లి. దీంట్ల భవిష్యత్తు ఉందా, ఎంపీసీ మానిపియ్యాల్నా, చిన్న మెషిన్ కొనియ్యమంటుండు కొనాల్నా అని అడిగింది.

అక్కా, ముందు బావగారి మాటకే వస్త. రేపు బీటెక్ సీటొచ్చినా ఫస్ట్ ఇయర్ల వర్క్‌షాప్ ల్యాబ్ ఉంటది, జేఎన్‌టీయూ సిలబస్‌లనే కార్పెంటరీ ఉంది, టీ-ల్యాప్ జాయింట్ అని డవ్‌టెయిల్ అని చెక్కముక్కలు జోడించుడు రంపం, ఉలి పట్టి చెయ్యాలె. అక్కడ సగం మంది పక్కోడు కోసిన ముక్కే చూపెట్టి సంతకం పెట్టిచ్చుకుంటరు, మీవాడు అదే పని ఎవరూ చెప్పకుండ చేస్తుండు. ఇంక వడ్లపని అంటే తక్కువ అనే లెక్క ఉంటే, ఇంటికి ఒక మంచి టేకు తలుపు చేపిచ్చుకుందామని మేస్త్రి వెనక ఎన్నిసార్లు తిరగాలెనో బావగారికే తెల్సు.

ఇగ మీరు పంపిన టేబుల్ ఫొటోలు. నేను పైన సన్‌మైకా ఫినిషింగ్ చూడలే, గాడి దగ్గర జూమ్ చేసి చూసిన. అడ్డపట్టి కాలుల దూరే కాడ లోపలి మూలలు గుండ్రంగ లెవ్వు, ఉలితోని చెక్కి మూలమట్టానికి తెచ్చిండు. సీఎన్‌సీల తిరుగుకుంట కోసే బిట్ గుండ్రంగ ఉంటది కదా, 6 ఎంఎం బిట్ పెడితే లోపలి మూలల 3 ఎంఎం గుండ్రం మిగిలే తీరుతది, స్క్రీన్ మీద మాత్రం మూల సూదిలెక్క కనపడ్తది. డిజైన్ గీయడం మాత్రమే వచ్చినోడు ఇక్కడనే ఆగిపోతడు, ముక్క దూరకపోతే మెషిన్‌ను తిడ్తడు. మీవాడు ఉలి తీసిండు. ఇంకొన్ని రోజులు పోతే డ్రాయింగ్‌లనే ఆ మూలకు చిన్న బొక్క అదనంగ కొట్టిచ్చుడు కూడ నేర్చుకుంటడు, దాన్ని డాగ్‌బోన్ అంటరు, ఉలి పనే తప్పుతది.

రెండో ఫొటోల ఒక గాడి వదులుందని సన్న చెక్కపేడు కొట్టిండు. ఎందుకయ్యిందో వాడినే అడగండి. 18 ఎంఎం ప్లై అని షాపోడు ఇస్తడు గానీ కొలిస్తే చాలాసార్లు అంతకంటే పల్చగనే వస్తది, వీడు 18 అని గీసుంటడు. తర్వాత షీటు కొన్నప్పుడు ముందు కొలిచి అప్పుడు గీసిండంటే, మీవాడికి ఈ పని అంటుకున్నట్టే. ఒకవేళ ఆ టేబుల్ ఫైలు నెట్‌ల రెడీమేడ్ దించుకొని కోపిచ్చిండు అనుకోండి, తప్పేం లేదు, నేర్చుకునేటోళ్లందరూ అట్లనే మొదలువెడ్తరు, కానీ అప్పుడు అది హాబీ, కెరీర్ మాట ఇంకా తొందర. నాకు తేడా ఇక్కడనే తెలుస్తది: ఈ కొలత ఎందుకు పెట్టినవ్ బిడ్డా అంటే జవాబు ఉండాలె.

ఎంపీసీ మాత్రం మానిపియ్యకండి. ఏడాది మధ్యల మానిపిస్తే పోరడు అటూ గాదు ఇటూ గాదు. ఎంపీసీతోనే దారులు ఎక్కువ. డిజైన్ అనే చదువు ఒకటుంది, బీడిజైన్, నాలుగేండ్లు. దానికి యూసీడ్ అనే ఎగ్జామ్ ఐఐటీ బాంబే పెడ్తది, దాంతోనే మన కంది కాడి ఐఐటీ హైదరాబాద్‌ల బీడిజైన్ సీటొస్తది. ఇంకోటి ఎన్ఐడీ, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్, అహ్మదాబాద్‌ది 1961ల పెట్టింది, ఆంధ్రప్రదేశ్‌ల కూడ ఒకటి ఉంది. ఎన్ఐడీది రెండు దశలు, మెయిన్స్‌ల స్టూడియో టెస్ట్ అని ఉంటది, వాళ్లిచ్చిన సామాన్‌తోని అక్కడికక్కడ ఏదన్న చేసి చూపియ్యాలె, మీవాడి లాంటోళ్లకు అది పండగే. సీట్లు మాత్రం మస్తు తక్కువ, బొమ్మలు గీసుడు రోజూ ఉండాలె, కాబట్టి దీన్ని నమ్ముకొని జేఈఈ, ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నరు) వదిలేయకండి, రెండూ రాయనీయండి. మెకానికల్ల చేరినా ఈ చెయ్యి వేస్ట్ కాదు. హన్మకొండ కోచింగుల యూసీడ్ పేరు చెప్తే చాలామంది మొహం చూస్తరు, అందుకే దరఖాస్తు తారీఖులు మీరే చూసుకోవాలె, పరీక్ష జనవరిల ఉంటది, ఫారాలు అంతకు నెలల ముందే అయిపోతయ్.

చదువు కంటే చేతిపనే కావాలె అని గట్టిగ ఉన్న పిల్లలకు వేరే దారి. పదో తరగతి అయినోళ్లు పాలిసెట్ రాసి డిప్లొమా చేసి, తర్వాత ఈసెట్‌తోని బీటెక్ రెండో ఏడాదిల చేరొచ్చు. ఫర్నిచర్ దిక్కు పోవాలంటే బెంగళూరుల ఐడబ్ల్యూఎస్‌టీ అని కేంద్ర సంస్థ, చెక్క మీదనే పనిచేస్తది, మెషిన్ల మీద చెక్కపని ట్రైనింగ్ కూడ ఇస్తది. మీవాడికి ఇప్పుడు అవసరం లేదు, తెలుసుకొని ఉండండి.

సెలవులొస్తే రెండు చోట్లకు తీస్కపోండి. ఒకటి హైదరాబాద్ రాయదుర్గంల టీ-వర్క్స్, 2023ల మొదలైంది, లేజర్, సీఎన్‌సీ, చెక్కపని సామాన్ అన్నీ ఒక్కచోట ఉంటయ్, ముందే ఫోన్ చేసి ఎప్పుడు చూడనిస్తరో కనుక్కొని పోండి. రెండోది నిర్మల్. పొనికి చెక్క అంత తేలికగ ఎందుకుంటది, ఆ బొమ్మల కాయలు, పండ్లు ఎట్ల చెక్కుతరు, చింతగింజల పేస్టుతోని సందులు ఎట్ల నింపుతరు, ఒక్కపూట కూసొని చూడమనండి. కంప్యూటర్ల ఎంత గీసినా, చెక్క ఏ దిక్కు చీలుతదో చేతికి తెలువాలె కదా.

ఇప్పటి నుంచే ఒక లాంగ్ నోట్‌బుక్ కొనిచ్చి ప్రతి పని రాయమనండి: మొదటి గీత, కొలతలు, ఏది దూరలే, ఏం మార్చిండు, ఫొటోలతో సహా. వదులు గాడి ఫొటో తీసెయ్యనీయకండి. తయారైన టేబుల్ ఫొటో ఒక్కటే పెట్టి పోర్ట్‌ఫోలియో (చేసిన పనులు చూపెట్టే పుస్తకం) అంటే ఎవరూ నమ్మరు.

మెషిన్ కొనకండి. చిన్న సీఎన్‌సీల 18 ఎంఎం ప్లై కోయాలంటే పొద్దుగూకుతది, ఇల్లంతా పొట్టు, అపార్ట్‌మెంట్ అయితే కిందింటోళ్లు పోలీసులను పిలుస్తరు. షాపుల గంటకు ఇంత అని ఇచ్చుకుంటే అయిపోతది. మందం కొలిచే ఒక డిజిటల్ కాలిపర్, మంచి ఉలుల సెట్టు, కండ్లకు అద్దాలు, ముక్కుకు మాస్క్ కొనియ్యండి, ఎండీఎఫ్ (చెక్కపొట్టు అదిమి చేసిన షీటు) కోసినప్పుడు లేసే దుమ్ము మంచిది కాదు. డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్‌కు పైసలు పెట్టకండి, ఫ్యూజన్ విద్యార్థులకు ఫ్రీగ దొరుకుతది, ఫ్రీక్యాడ్ ఎవరికైనా ఫ్రీ. షాపు ఓనర్‌తోని మీరే ఒకసారి మాట్లాడండి, మనిషి లేనప్పుడు పోరడు మెషిన్ ముట్టొద్దని, బిట్ తిరిగేటప్పుడు చేతికి గ్లౌజులు వేసుకోవద్దని, బిట్‌కు చిక్కితే గుంజుకపోతది. ఇంక ఆదివారం పొద్దంతా కాకుండ సగం పూట పెట్టండి, మిగిలిన సగం ఫిజిక్స్‌కు.