కుండనీళ్ల ప్రయోగానికి ముందు మనవడికి ఒక లేఖ

నల్లకుంట, హైదరాబాద్.

చిరంజీవి మనవడికి, అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

డిగ్రీ మొదటి ఏడాది ప్రాజెక్టుకు ‘కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి’ అన్న విషయాన్ని ఎంచుకున్నానని నిన్న నువ్వు ఫోనులో చెప్పినప్పుడు నాకు నిజంగా సంతోషం కలిగింది. ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మలను అట్టమీద అంటించి తీసుకుపోయే ప్రాజెక్టులు చూసి చూసి విసిగినదాన్ని కాబట్టి, రోజూ కళ్ల ముందు ఉండే కుండను పట్టుకుని ప్రశ్న వేసిన నీ బుద్ధి నాకు నచ్చింది. అయితే ఆ తర్వాత నువ్వు చదివి వినిపించిన పరికల్పన, అంటే పరీక్షకు పెట్టబోయే ఊహ, మాత్రం రాత్రి చాలాసేపు నా మనసులో మెదులుతూనే ఉంది. ‘మట్టికి చల్లదనాన్నిచ్చే సహజగుణం ఉంది కాబట్టి కుండలో నీళ్లు చల్లబడతాయి’ అని రాశావు. ముప్పై రెండేళ్లు డిగ్రీ పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పిన నాకు, ఇది ఫోనులో నాలుగు మాటలతో తేలే సంగతి కాదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ వాక్యం తప్పని నేను అనడం లేదు. అది తప్పో ఒప్పో తేల్చే దారిని అది మూసేసిందనే నా బాధంతా. నీళ్లు చల్లబడితే మట్టి గుణం అంటావు. చల్లబడకపోతే ఈ మట్టి మంచిది కాదు అంటావు. ఏది జరిగినా దానికి సరిపోయే మాట, దేన్నీ ముందుగా చెప్పలేదు. పరికల్పనకు ఉండవలసిన మొదటి లక్షణం ఏమిటంటే, ‘ఇదే నిజమైతే ఫలానాది జరగాలి, ఫలానాది జరగకూడదు’ అని అది ముందే మాట ఇవ్వాలి. ఆ జరగకూడనిది జరిగిన రోజున దాన్ని వదిలెయ్యడానికి నువ్వు సిద్ధంగా ఉండాలి.

మన వంటింట్లో ఆవకాయ పెట్టే జాడీని గుర్తుకు తెచ్చుకో. అదీ మట్టిని కాల్చి చేసినదే, కాకపోతే దాని మీద గాజులాంటి పూత ఉంటుంది. చల్లదనం మట్టి గుణమే అయితే జాడీలో నీళ్లు కూడా కుండలో లాగే చల్లబడాలి. వేసవిలో జాడీలో నీళ్లు పోసుకుని తాగేవాళ్లను నేనెప్పుడూ చూడలేదు గానీ, ‘ఎవరూ అలా చెయ్యరు’ అన్నదాన్ని రుజువుగా తీసుకోకు. నువ్వు పోసి, కొలిచి చూడు. ఒక్క జాడీతో నీ వాక్యం చిక్కులో పడుతుందంటే, ఆ చిక్కే నిన్ను మంచి వాక్యం వైపు తీసుకుపోతుంది. కుండకూ జాడీకీ ఉన్న తేడా ఏమిటి? కుండ పైభాగాన్ని చేత్తో తడిమితే చెమ్మ తగులుతుంది, జాడీ పొడిగా ఉంటుంది.

అక్కడి నుంచి నీ పరికల్పనను ఇలా రాసుకోవచ్చు: కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి ఆవిరవుతుంది, ఆవిరి కావడానికి కావలసిన వేడిని చాలావరకు కుండ నుంచీ లోపలి నీటి నుంచీ తీసుకుంటుంది, అందువల్ల లోపలి నీరు చల్లబడుతుంది. ఈ వాక్యం ఎన్ని మాటలు ఇస్తున్నదో చూడు. కుండ బరువు గంటగంటకూ తగ్గాలి. బయటి వైపు ఊట ఆగేలా చేస్తే చల్లదనం కూడా ఆగాలి. ఫ్యాను గాలికి పెడితే కుండ మరింత త్వరగా చల్లబడాలి. ఏప్రిల్ నెల పొడి మధ్యాహ్నాల్లో ఎక్కువగానూ, జులైలో ముసురు పట్టిన రోజుల్లో తక్కువగానూ చల్లబడాలి. ఏడాది వాడిన పాత రంజను నీళ్లు చల్లగా ఉండడం లేదని మన ఇళ్లల్లో అంటూ ఉంటారు కదా, బోరు నీటిలోని లవణాలు రంధ్రాలను పూడ్చేస్తే అలాగే జరగాలి. ఇన్నింటిలో ఏది తప్పినా నువ్వు ఆగి ఆలోచించవలసిందే.

అంకెలు కూడా వేసుకో. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి మన వేసవి వేడిలో సుమారు 2,400 జౌళ్ల శక్తి కావాలి. ఒక గ్రాము నీటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గడానికి అందులోంచి పోవలసిన వేడి సుమారు 4.2 జౌళ్లే. పది లీటర్ల కుండలోంచి 100 గ్రాముల నీరు, అంటే నూరింట ఒక వంతు, ఆవిరైపోయి ఆ వేడంతా లోపలి నీటి నుంచే వచ్చి ఉంటే, నీరు దాదాపు 5.7 డిగ్రీలు చల్లబడాలి. వాస్తవానికి బయటి గాలి నుంచి కూడా కొంత వేడి కుండలోకి చేరుతూ ఉంటుంది కాబట్టి అంత తగ్గుదల కనిపించకపోవచ్చు. కానీ 10 గ్రాములే తగ్గి, ఆరు డిగ్రీలు చల్లబడిందనుకో, అప్పుడు ఆవిరి ఒక్కటే కారణమన్న నీ మాట నిలబడదు. చల్లబడుతుందా లేదా అని అడిగే పరికల్పన కంటే, ఎంత చల్లబడుతుందో చెప్పే పరికల్పన ఎక్కువ ప్రమాదానికి ఒడ్డుకుంటుంది. అందుకే అది నెగ్గినప్పుడు దానికి విలువ ఎక్కువ.

ఇక పోల్చి చూడడం గురించి కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే తెలివైన పిల్లలు కూడా ఇక్కడే పొరబడడం చూశాను. మధ్యాహ్నం మూడింటికి గదిలో గాలి 38 డిగ్రీలు, కుండలో నీళ్లు 30 డిగ్రీలు ఉంటే, ఎనిమిది డిగ్రీల చల్లదనం కుండ మహిమే అని రాసేస్తారు. ఆ నీళ్లను తెల్లవారుజామున పట్టారనుకో, అప్పుడవి చల్లగానే ఉన్నాయి; నీరు నెమ్మదిగా వేడెక్కే పదార్థం కాబట్టి, ఏ పాత్రలో పోసినా మధ్యాహ్నానికి గాలికంటే కొంత చల్లగానే ఉంటుంది. కాబట్టి కుండను గాలితో పోలిస్తే చాలదు. కుండ పక్కనే, అదే సమయంలో, అదే కొలతతో నీళ్లు పోసిన స్టీలు బిందె ఉండాలి. బిందెకూ కుండకూ మధ్య ఉన్న తేడాయే నీ లెక్కలోకి వస్తుంది. బిందె కూడా చాలదు, ఎందుకంటే అది లోహం, కుండ మట్టి. అసలైన జోడీ మరో కుండే. ఒకే కుమ్మరి దగ్గర ఒకే వామిలో కాలినవి, ఒకే పరిమాణంలో నాలుగు కుండలు కొను. వాటిలో రెండింటిని బాగా ఎండబెట్టి, బయటి వైపు కుండ రంగులోనే ఉండే ఎనామిల్ పెయింటు రెండు పూతలు వెయ్యి; తెల్ల రంగు వేస్తే ఊటతో పాటు రంగు కూడా మారినట్టవుతుంది, అప్పుడు ఏ మార్పు వల్ల ఏది జరిగిందో చెప్పలేవు. ఏ కుండకు పెయింటు వెయ్యాలో నువ్వు ఎంచుకోకు, చీటీలు తియ్యి. కిటికీ వైపు ఉన్న కుండలను రోజూ స్థానం మార్చు. పెయింటు వేసిన కుండల నీళ్లను ఎవరూ తాగకుండా వాటి మీద రాసి పెట్టు.

చల్లదనాన్ని చేత్తో చూడకు. రాత్రంతా ఒకే గదిలో ఉన్న స్టీలు గ్లాసునూ చెక్క పీటనూ చలికాలం పొద్దున్నే ముట్టుకుంటే గ్లాసే చల్లగా తోస్తుంది, నిజానికి రెండూ ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి. లోహం మన చేతి వేడిని త్వరగా లాక్కుంటుంది, అంతే.

మన ఊళ్లో బేగంపేటలో సర్ రొనాల్డ్ రాస్ పేరుతో ఒక పాత భవనం ఉంది. ఒక ఆదివారం వెళ్లి చూసి రా. పరికల్పనను ఎలా పరీక్షించాలో ఆయన కథ చెబుతుంది. 1894లో ప్యాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు మలేరియా పరాన్నజీవి రోగి రక్తం నుంచి దోమలోకి చేరుతుందనే పరికల్పనను ముందుకు తెచ్చాడు. అయితే ఆ దోమ నీటిలో చచ్చిపోతే, ఆ నీరు తాగినవారికి రోగం వస్తుందని ఆయన భావించాడు. ఇక్కడ సైనిక వైద్యుడిగా ఉన్న రాస్ ఆ మాటను నమ్మి ఊరుకోలేదు, కొట్టిపారెయ్యనూ లేదు. దోమలు చచ్చిన నీటిని కొందరి చేత తాగించి చూశాడు. మనుషుల మీద అటువంటి ప్రయోగాన్ని నేడు ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. ఫలితం మాత్రం మాన్సన్ ఊహకు బలం చేకూర్చలేదు. ఆ తర్వాత దాదాపు రెండేళ్లు రాస్ బూడిదరంగు దోమలనూ చారల దోమలనూ కోసి చూస్తూ వచ్చాడు, ఏమీ దొరకలేదు. ఆ దశలో ‘దోమలకూ మలేరియాకూ సంబంధం లేదు’ అని రాసి ఉంటే పెద్ద పొరపాటు జరిగేది. ఆయన పరీక్షలు కొట్టేసింది ‘ఈ రకం దోమలు’ అన్న మాటను మాత్రమే.

1897 ఆగస్టులో సికింద్రాబాదులో ఆయనకు రెక్కల మీద మచ్చలున్న దోమలు దొరికాయి. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం తాగిన ఆ దోమల్లో ఒకదాన్ని ఆగస్టు 20న కోసి చూస్తే, దాని పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిలో ఉండేటటువంటి నల్లని రంగుకణాలు గల గుండ్రని కణాలు కనిపించాయి. నాకు అన్నింటికంటే నచ్చే ఘట్టం దాని తర్వాతది. అవి నిజంగా పెరుగుతున్న పరాన్నజీవులే అయితే, మిగిలిన దోమలో మరుసటి రోజుకు అవి ఇంకా పెద్దవై ఉండాలని ఆయన అనుకున్నాడు. 21న ఆ దోమను కోశాడు, అవి పెద్దవయ్యాయి. చూసిన దానితో తృప్తి పడకుండా, తాను చూసినది నిజమైతే రేపు ఏం కనిపించాలి అని అడగడమే నేను నీకు నేర్పాలనుకుంటున్న పని. దోమ కాటుతో ఆ రోగం ఒక జీవి నుంచి మరో జీవికి ఎలా చేరుతుందో తేల్చడానికి ఆయన మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద మళ్లీ పనిచెయ్యవలసి వచ్చింది.

ఇదే నగరంలో జరిగిన మరో కథ కూడా నీకు తెలియాలి, అది అంత సంతోషకరమైనది కాదు. శస్త్రచికిత్సల్లో మత్తుకు వాడే క్లోరోఫాం వల్ల కొందరు రోగులు హఠాత్తుగా చనిపోయేవారు. ముందు ఆగేది శ్వాసా, గుండెనా అన్నది ఆ రోజుల్లో పెద్ద వివాదం. హైదరాబాద్ వైద్య పాఠశాలను నడిపిన ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడు శ్వాసే అని గట్టిగా నమ్మాడు. నిజాం ప్రభుత్వం పోషణలో 1888లో ఒకటి, 1889లో ఒకటి క్లోరోఫాం కమిషన్లు ఇక్కడే పనిచేశాయి. రెండోదానికి ఇంగ్లండు నుంచి నిపుణుడిని రప్పించడానికి నిజాం 1,000 పౌండ్లు ఇచ్చాడు. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, శ్వాస ఆగాకే గుండె ఆగుతుంది కాబట్టి శ్వాసను గమనిస్తే చాలునని తేల్చారు. 1911లో లెవీ అనే పరిశోధకుడు పిల్లులపై ప్రయోగాలు చేసి, మత్తు తేలికగా ఉన్న దశలో క్లోరోఫాం గుండెనే నేరుగా లయ తప్పించి ఆపగలదని చూపించాడు. కమిషన్ వాళ్లు శ్రమకు వెనకాడినవాళ్లు కారు. ప్రమాదం దాగి ఉన్న పరిస్థితిలో పరీక్షించలేదు, కానీ తీర్పు మాత్రం అన్ని పరిస్థితులకూ ఇచ్చారు. నువ్వు నల్లకుంటలో, వేసవిలో, నాలుగు కుండలతో చూసినది ఎంతవరకు చెల్లుతుందో అంతవరకే రాయి. ‘ఈ కుండల్లో, ఈ రోజుల్లో’ అన్న మాటలు నీ నివేదికను చిన్నబుచ్చవు.

నా విషయం కూడా ఒకటి చెప్పాలి. పరిశోధక విద్యార్థినిగా ఉన్నప్పుడు ఒక రసాయన చర్య వేగాన్ని కొలిచాను. గ్రాఫులో నేను ఊహించిన గీత మీద పడిన బిందువులను అలాగే ఉంచి, దూరంగా పడిన వాటిని ‘ఏదో పొరపాటు జరిగి ఉంటుంది’ అనుకుని మళ్లీ మళ్లీ కొలిచాను, గీత దగ్గరికి వచ్చేదాకా. ఒక్క అంకె కూడా అబద్ధంగా రాయలేదు. అయినా ఆ గీత మొత్తం అబద్ధమేనని, నచ్చిన కొలతలను మళ్లీ కొలవనందువల్ల వాటిలోని తప్పులు నాకు కనిపించలేదని రెండేళ్ల తర్వాత గాని అర్థం కాలేదు. ఆ రెండేళ్ల పనిని పక్కన పెట్టవలసి వచ్చింది, ఆ బాధ ఇంకా ఉంది. అందుచేత ఎన్నిసార్లు కొలుస్తావో, ఏ వేళల్లో కొలుస్తావో, ఏ కారణం ఉంటే ఒక కొలతను పక్కన పెడతావో మొదటి రోజే రాసుకో. తర్వాత ఏ కొలతనైనా మళ్లీ తియ్యాలనిపిస్తే అన్నింటినీ మళ్లీ తియ్యి.

నోటుపుస్తకంలో పెన్సిలు వాడకు. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సరైనది రాయి. కొట్టేసినది చదవడానికి వీలుగా ఉండాలి. మొదటి పేజీలో పరికల్పన, దాని కింద ‘ఏం జరిగితే దీన్ని వదిలేస్తాను’ అన్న వాక్యం, తేదీ, సంతకం ఉండాలి. కుండలు కొనక ముందే ఆ పేజీ నాకు ఫోటో తీసి పంపు.

కొత్త కుండలను ఒక రాత్రి, ఒక పగలు నీటిలో నానబెట్టి, పెయింటు వెయ్యవలసిన రెండింటినీ తర్వాత మూడు నాలుగు రోజులు ఎండలో ఆరనివ్వు. థర్మామీటర్లు కొనకు, నా అల్మారాలో నాలుగు ఉన్నాయి. వాటిని నలిపిన ఐసు, నీళ్లు కలిపిన గిన్నెలో పెట్టి చూశాను. మూడు సున్నా దగ్గర నిలిచాయి, ఒకటి అర డిగ్రీ ఎక్కువ చూపింది. దాని మెడకు తెల్ల దారం కట్టి ఉంచాను. వచ్చినప్పుడు ఆ నాలుగింటినీ నువ్వు కూడా నీ చేతులతో ఐసులో పెట్టి చూసుకున్నాకే పట్టుకెళ్లు.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ