ఇంటర్వ్యూలో ఆగిపోయింది జావా దగ్గర కాదు

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఊరు. హన్మకొండలో బీటెక్ సీఎస్ఈ ఫైనలియర్ చదువుతున్నా. హైదరాబాద్‌లో ఒక ఇంటర్వ్యూలో, జావా ఆబ్జెక్టులను డేటాబేస్ టేబుళ్లలో దాచే హైబర్నేట్ టూల్ గురించి, 'హైబర్నేట్‌లో ఒక ఆబ్జెక్ట్ చేతికిస్తాం, ఏ క్లాసో చెప్పం. దాని ఐడీ ఎలా తీస్తావు?' అని అడిగారు. 'గెట్ఐడీ' అన్నాను. ఇంకో దారి చెప్పమంటే నోరు పెగల్లేదు. జావా వదిలేసి అమీర్‌పేటలో పైథాన్ కోర్సులో చేరమంటున్నారు ఫ్రెండ్స్. చపాట మిర్చి అమ్మిన డబ్బులు ఇస్తానంటున్నాడు నాన్న. చేరమంటారా?

జవాబు: వద్దు తమ్ముడూ. ఆ డబ్బులు నాన్న దగ్గరే ఉండనీ.

నువ్వు చెప్పింది తప్పేం కాదు, సగం జవాబు. క్లాస్ తెలిస్తేనే గెట్ఐడీ పని చేస్తుంది. ఒక టేబుల్‌కు హాల్ టికెట్ నంబరే కీ (వరుసను గుర్తుపట్టే ఐడీ) కావచ్చు, ఇంకోదానికి రెండు కాలమ్స్ కలిసి కీ కావచ్చు. ఏ టేబుల్‌లో ఎవరు ఏం మార్చారో రాసిపెట్టే ఆడిట్ కోడ్ రాయాలంటే, అన్నిటికీ పనికొచ్చే దారి ఒకటి కావాలి. హైబర్నేట్‌లో అది సెషన్‌కు, అంటే డేటాబేస్‌తో ఒక విడత పని చూసే ఆబ్జెక్ట్‌కు, ఉన్న గెట్ఐడెంటిఫయర్ మెథడ్. లేజీగా వచ్చిన ప్రాక్సీ (అసలు డేటా ఇంకా తేని డమ్మీ ఆబ్జెక్ట్) ఇచ్చినా డేటాబేస్ దాకా పోకుండానే ఐడీ చెబుతుంది. కానీ ఆ ఆబ్జెక్ట్ ఆ సెషన్‌దే అయ్యుండాలి, లేకపోతే ఎక్సెప్షన్ (ఎర్రర్) విసురుతుంది. జావాలో ఈ పనికి ఉన్న ప్రామాణిక పద్ధతి జేపీఏలో అయితే ఎంటిటీ మేనేజర్ ఫ్యాక్టరీ నుంచి పర్సిస్టెన్స్ యూనిట్ యుటిల్ తీసుకుని, దాన్ని అడగాలి. 2009లో వచ్చిన జేపీఏ 2.0 నుంచి ఈ సదుపాయం ఉంది. ఇంకా ఐడీ పడని ఆబ్జెక్ట్ ఇస్తే నల్ (ఖాళీ) వస్తుంది.

ఈ మెథడ్ పేర్లు ఒక సాయంత్రంలో వచ్చేస్తాయి. నాకు తెలిసి అడిగేవాళ్లు పేర్ల కోసం అడగరు, ఐడీ ఎప్పుడు పుడుతుందో తెలుసా అని చూస్తారు. మీ ఇంట్లో మిర్చి బస్తాలు ఉన్నంతసేపు వాటికి లాట్ నంబర్ ఉండదు కదా, ఎనుమాముల మార్కెట్‌కు పోయాకే పడుతుంది. 'న్యూ' అని సృష్టించిన ఆబ్జెక్ట్ కూడా ఇంట్లో బస్తాలాంటిదే. పర్సిస్ట్, అంటే దీన్ని డేటాబేస్‌లో దాచు, అన్నాక ఏమవుతుందనేది ఐడీ ఇచ్చే పద్ధతిని బట్టి మారుతుంది. ఐడెంటిటీ పద్ధతిలో నంబర్ ఇచ్చేది టేబులే కాబట్టి హైబర్నేట్ మామూలుగా అక్కడికక్కడే ఇన్సర్ట్ నడిపిస్తుంది. సీక్వెన్స్ పద్ధతిలో ముందు నంబర్ తెచ్చిపెట్టుకుని, ఇన్సర్ట్‌ను ఫ్లష్ అయ్యేదాకా, అంటే పోగైన మార్పులను డేటాబేస్‌కు పంపేదాకా, ఆపుతుంది. అంటే ఐడీ కనిపిస్తున్నా టేబుల్‌లో వరుస ఇంకా పడి ఉండకపోవచ్చు. మధ్యలో రోల్‌బ్యాక్ అయితే, అంటే పని రద్దయితే, ఆ నంబర్ వృథా. సీక్వెన్స్ ఐడీల మధ్య ఖాళీలు చూసి 'బగ్ సార్' అని పరుగెత్తుకొచ్చే పిల్లలను చాలామందిని చూశాను.

ఇంకో చోట కూడా తప్పులో పడతారు, అది ఆబ్జెక్ట్‌లోని వివరాలను సెషన్‌లో కలిపే మెర్జ్. కొత్త ఆబ్జెక్ట్‌ను మెర్జ్‌కు ఇస్తే అది వేరే కాపీని తిరిగిస్తుంది, డేటాబేస్ ఇచ్చే ఐడీ ఆ కాపీలో ఉంటుంది. నువ్వు పట్టుకున్న పాతదాంట్లో నల్లే మిగులుతుంది.

పైథాన్ మంచి భాషే. కానీ ఈ ప్రశ్న అక్కడా వదలదు. పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే జంగోలో ఏ మోడల్ ఆబ్జెక్ట్‌నైనా 'పీకే' అడిగితే కీ ఇస్తుంది. ఆటో ఐడీ అయితే సేవ్ చేయకముందు అక్కడా ఖాళీయే.

ఈ వారం కాలేజీ ప్రాజెక్టులోంచి రెండు క్లాసులు తీసుకో. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పెట్టి, దానికి పోయే ఎస్‌క్యూఎల్ ఆదేశాలు కనిపించేలా సెట్ చెయ్. పర్సిస్ట్‌కు ముందు, తర్వాత, కమిట్ అయ్యాక ఐడీని ప్రింట్ చేసి చూడు. అదే మెర్జ్‌తోనూ చెయ్. మళ్లీ ఆ ప్రశ్న వస్తే నువ్వు స్క్రీన్ మీద చూసిందే చెబుతావు, టెన్షన్ ఉండదు.

ఖర్చు పెట్టాలనే ఉంటే నాన్నను అడిగి ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 16 జీబీ చేయించుకో. డేటాబేస్, ఎడిటర్, బ్రౌజర్ మూడూ కలిసి నడిస్తే 4 జీబీ ఏడుస్తుంది.