గుట్ట మీది డబ్బా: జియోక్యాషింగ్‌పై పాఠకుల ప్రశ్నలు

కిందటి సంచికలో సెలవు రోజుల వ్యాపకాల గురించి రాస్తూ జియోక్యాషింగ్‌ను రెండు వాక్యాల్లో ప్రస్తావించాను. ఆ రెండు వాక్యాలకే నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి జిల్లాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. పదకొండేళ్లుగా ఈ ఆట ఆడుతున్నవాడిగా, వాటిలో ఆరింటికి ఈసారి శీర్షిక మొత్తాన్ని కేటాయిస్తున్నాను.

ప్రశ్న: జియోక్యాషింగ్ అంటే ఏమిటి? ఎవరు మొదలుపెట్టారు? దీనికి ఖరీదైన పరికరాలు కావాలా? (డిగ్రీ విద్యార్థి, నల్లగొండ)

జవాబు: ఒకరు ఒక డబ్బాను ఎక్కడో కంటికి కనపడకుండా పెట్టి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను అందరికీ ప్రకటిస్తారు. మిగిలినవారు ఆ అంకెలను ఫోనులో పెట్టుకొని అక్కడికి వెళ్లి, డబ్బాను వెతికి, లోపల ఉన్న పుస్తకంలో పేరు, తేదీ రాసి, దొరికిన చోటనే దొరికిన తీరుగానే పెట్టి వస్తారు. ఇంతే ఆట. క్యాష్ అనే మాటకు ఇక్కడ డబ్బు అని అర్థం కాదు; దాచడం అనే ఫ్రెంచి క్రియ నుంచి వచ్చిన మాట అది, దాచిన వస్తువు అని దాని అర్థం. మన ప్రాంతంలో ఈ తేడా ఎంత ముఖ్యమో తరువాతి జవాబులో మీకే తెలుస్తుంది.

2000 సంవత్సరం దాకా అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతంలో కావాలనే కొంత తప్పు కలిపి సామాన్యులకు అందించేది. అందువల్ల పరికరం చూపే స్థానానికీ అసలు స్థానానికీ వంద మీటర్ల దాకా తేడా ఉండేది. ఆ ఏడాది మే 2న ఆ తప్పును తొలగించారు. మరునాడే డేవ్ ఉల్మర్ అనే వ్యక్తి ఆరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర ఒక నల్లని ప్లాస్టిక్ బకెట్‌ను సగం నేలలో దించి, అందులో కొన్ని వస్తువులూ ఒక పుస్తకమూ పెన్సిలూ పెట్టి, అంకెలను ఇంటర్నెట్‌లో ప్రకటించాడు. మూడు రోజులు తిరగకముందే ఇద్దరు దాన్ని కనుక్కున్నారు. ఆ నెలాఖరులో మాట్ స్టమ్ ఈ ఆటకు పేరు పెట్టాడు. సెప్టెంబరు 2న జెరెమీ ఐరిష్ 75 డబ్బాల జాబితాతో వెబ్‌సైటు ప్రారంభించాడు. ఇప్పుడు ప్రపంచమంతటా ముప్పై లక్షలకు పైగా డబ్బాలున్నాయి. ఖరీదైన పరికరమేదీ అవసరం లేదు, చేతిలో ఉన్న ఫోను చాలు. ఆ వెబ్‌సైటులో సాధారణ సభ్యత్వానికి రుసుము లేదు.

ప్రశ్న: మా పిల్లలతో కలిసి ఊరి బయటి పాత మండపంలోనో, ఖిల్లా మీదనో ఒక డబ్బా పెట్టాలని ఉంది. కానీ మా దగ్గర అటువంటి చోట్ల ఎవరైనా తచ్చాడితే గుప్తనిధుల కోసం వచ్చారనే అనుమానిస్తారు. ఏం చేయాలి? (ఉపాధ్యాయుడు, దేవరకొండ)

జవాబు: వచ్చిన ఉత్తరాలన్నింటిలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసినది మీదే, ఎందుకంటే ఆ అనుమానాన్ని నేను స్వయంగా ఎదుర్కొన్నాను.

ఆట మొదలుపెట్టిన రెండో ఏడు, మీ దిక్కే ఒక ఊరి చివర చెరువు కట్ట కింద ఉన్న పాత మండపం దగ్గరికి ఇద్దరు మిత్రులతో వెళ్లాను. పొద్దు గూకింది. ముగ్గురమూ టార్చిలైట్లు పట్టుకొని రాతి సందుల్లోకి వంగి చూస్తున్నాము. మేకలు తోలుకొని పోతున్న ఒక పెద్దాయన ఆగి, "ఏం దేవులాడుతున్రు సారూ?" అని అడిగాడు. నా మిత్రుడు ఆలోచించకుండా, "క్యాష్ వెతుకుతున్నం" అన్నాడు. పావుగంటలో ముప్పై మంది చుట్టూ చేరారు. వాళ్ల కోపంలో అన్యాయమేమీ లేదు: అంతకు రెండేళ్ల ముందు ఎవరో రాత్రిపూట వచ్చి, అదే మండపంలోని నంది విగ్రహాన్ని పెకిలించి, దాని కింద గొయ్యి తవ్వి పోయారట. విరిగిన నంది చెవిని ఆ పెద్దాయనే మాకు చూపించాడు. చివరికి డబ్బా దొరికింది కనుక బతికిపోయాము. మూత తీసి, అందులోని చిన్న నోటుపుస్తకాన్నీ, చెక్కిన పెన్సిలునూ, ఒక ప్లాస్టిక్ చిలుకనూ అందరికీ చూపిన తరువాతనే మమ్మల్ని పోనిచ్చారు.

ఆ రోజు నాకు బోధపడిన సంగతినే మీకు చెబుతున్నాను. డబ్బా ఆటగాళ్లకు రహస్యంగా ఉండవచ్చు కానీ, ఆ జాగ ఎవరిదో వారికి రహస్యంగా ఉండకూడదు. స్థలం యజమాని అనుమతి తీసుకోవాలనేది ఈ ఆటకు ప్రపంచమంతటా ఉన్న నియమమే. అయితే మన పల్లెల్లో కాగితం మీది యజమాని ఒక్కరే సరిపోరు. ఊరి చివరి బండ మీద పెట్టాలంటే సర్పంచికి, పక్క చెలక రైతుకు, రోజూ ఆ దారిన గొర్లు తోలే వారికి కూడా చెప్పండి. వీలైతే డబ్బాను వారి చేతికే ఇచ్చి తెరిచి చూడమనండి. ఒకసారి చూసినవారు ఆ తరువాత దానికి కాపలా ఉంటారు.

ఈ ఆటలో భూమిని తవ్వడం నిషేధం. దాచడానికీ తవ్వకూడదు, వెతకడానికీ తవ్వకూడదు. మొదటి బకెట్‌ను సగం పూడ్చిన మాట నిజమే, కానీ నియమాలు కుదురుకున్న తరువాత ఆ పద్ధతి పోయింది. మీ పిల్లలకు ఇది మరీ గట్టిగా చెప్పండి: ఆటకు వెళ్లే సంచిలో పలుగూ పారా కాదు కదా, తోటపని చేసుకునే చిన్న తాపీ కూడా ఉండకూడదు. నేలలో దాగి ఉన్న, పది రూపాయలకు మించి విలువ చేసే నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతున్నది. మనది ఆ కోవలోని పని కాదని చూపించే గుర్తు, తవ్వే పనిముట్టు లేని చేతులే.

ఇక మండపం, ఖిల్లాల సంగతి. వాటి గోడల్లో, స్తంభాల సందుల్లో, విగ్రహాల వెనుక డబ్బా పెట్టవద్దు. వెతికేవారు పదిమంది పది రాళ్లు కదిలిస్తారు. వందల ఏళ్లు నిలిచిన పేర్పు అట్లాగే సడలుతుంది. దీనికి ఒక చక్కని ప్రత్యామ్నాయం ఉన్నది. పలు అంచెల డబ్బా అనే రకంలో మొదటి అంచె దగ్గర వస్తువేదీ ఉండనక్కరలేదు. అక్కడ చూసి లెక్కపెట్టిన ఒక సంఖ్యతో రెండో చోటి అంకెలు తేలుతాయి. ఉదాహరణకు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వచ్చినవారు గర్భగుడిలో లింగం మీద రోజంతా నిలిచే స్తంభపు నీడను చూసి, మండపంలోని స్తంభాలను లెక్కపెట్టి, ఆ సంఖ్యతో లెక్క కట్టి, ఊళ్లో మీతో మాట ఉన్న ఒక టీ కొట్టు వరకు వచ్చి అక్కడ డబ్బా అడిగి సంతకం చేయవచ్చు. గుడికి చెయ్యి తగలదు. కొట్టాయనకు నాలుగు టీలు అమ్ముడుపోతాయి. మీ దేవరకొండ ఖిల్లాకూ ఇదే పద్ధతి సరిపోతుంది.

డబ్బా పైన తెలుగులో పెద్ద అక్షరాలతో "ఇది ఆట డబ్బా. ఇందులో ప్రమాదమేమీ లేదు. చూసి, ఇక్కడే పెట్టండి" అని రాసి, మీ ఫోను నంబరు వేయండి. డబ్బా పారదర్శకంగా ఉంటే మరీ మంచిది. బస్టాండు, రైల్వే స్టేషను, డ్యాము, పోలీసు ఠాణా, బడి ఆవరణల దగ్గర ఎంత అందమైన చోటు కనిపించినా పెట్టవద్దు. ఎవరూ లేని చోట మూత బిగించిన డబ్బా కనబడితే జనం భయపడతారు, భయపడాలి కూడా.

ప్రశ్న: ఒకే డబ్బా కోసం మూడుసార్లు వెళ్లాను. ఫోను చూపిన చోట రాయి తప్ప ఏమీ లేదు. డబ్బా నిజంగా ఉందా? (ఇంజనీరింగ్ విద్యార్థిని, మహబూబ్‌నగర్)

జవాబు: మీరు పంపిన అంకెలను చూశాను. డబ్బా ఉండే ఉంటుంది. మీరు చేరిన చోటే వేరు. ఈ ఆటలో స్థానాన్ని డిగ్రీలలో, దశాంశాలతో కూడిన నిమిషాలలో రాస్తారు. ఫోను మ్యాపు మాత్రం మామూలుగా దశాంశ డిగ్రీలలో చూపిస్తుంది. 17 డిగ్రీల 03.450 నిమిషాలు అంటే 17.03450 డిగ్రీలు కాదు. నిమిషాలను 60తో భాగించాలి: 3.45ను 60తో భాగిస్తే 0.0575 వస్తుంది కనుక అది 17.0575 డిగ్రీలు. ఒక డిగ్రీ అక్షాంశం దాదాపు 111 కిలోమీటర్లు. ఈ ఒక్క పొరపాటుతోనే మనిషి రెండున్నర కిలోమీటర్లు పక్కకు పోతాడు.

అంకెలు సరిగా ఉన్నా, మన గుట్టల్లో పెద్ద గుండ్ల మధ్య నిలబడితే సంకేతం రాతికి తగిలి తిరిగి వస్తుంది కనుక ఫోనులో దారి చూపే సూది పది, ఇరవై మీటర్లు తిరుగుతూనే ఉంటుంది. అక్కడ ఫోను జేబులో పెట్టి కళ్లకు పని చెప్పాలి. అయినా దొరకకపోతే "దొరకలేదు" అని నిజాయితీగా నమోదు చేయండి. అందులో చిన్నతనమేమీ లేదు. వరుసగా మూడు నాలుగు అటువంటి నమోదులు కనిపిస్తేనే పెట్టినవారు వెళ్లి చూసుకుంటారు. వెళ్లకుండానే దొరికిందని రాయడం మాత్రం, దాన్ని నమ్మి పిల్లలను వెంటబెట్టుకొని ఎండలో వచ్చే తరువాతివారికి చేసే ద్రోహం.

ప్రశ్న: మా బాబు డబ్బాలోంచి ఒక బొమ్మ తెచ్చుకున్నాడు. అది తప్పా? అందులో ఒక అంకెల బిళ్ల కూడా ఉంది, దాన్నీ తేవచ్చా? (గృహిణి, మిర్యాలగూడ)

జవాబు: తప్పు కాదమ్మా, కానీ తీసుకున్నదానికి సమానమైనదో, అంతకన్నా మంచిదో బదులుగా పెట్టాలి. ఈసారి వెళ్లినప్పుడు బాబు చేతనే పెట్టించండి. తినుబండారాలు, మందులు, అగ్గిపెట్టె, కత్తి, సెంటు వంటివి వద్దు. ఒక్క బిస్కెట్టు వాసన చాలు, కోతులు మూత ఊడదీస్తాయి. సంఖ్య చెక్కిన బిళ్ల మాత్రం ఎవరి సొంతమూ కాదు. అది ఒక డబ్బా నుంచి మరో డబ్బాకు ప్రయాణం చేయడానికి పుట్టింది. తీసుకుంటే దాని సంఖ్యను నమోదు చేసి, కొద్ది రోజుల్లోనే ఇంకో డబ్బాలో పెట్టాలి. మీ ఇంటి షోకేసులో ఉండిపోతే, ఎక్కడో దాని యజమాని రోజూ ఎదురుచూస్తుంటాడు.

ఇంకో మాట. రాతి సందులోకి బాబును వట్టి చెయ్యి పెట్టనివ్వకండి. ముందు కట్టెతో తట్టి, వెలుతురు వేసి చూడాలి. తేళ్లకు, పాములకు మన గుండ్ల సందులు చల్లని ఇళ్లు.

ప్రశ్న: మల్లెల తీర్థం, ఫరహాబాద్ వ్యూ పాయింట్ దగ్గర డబ్బాలు పెడితే పర్యాటకులు ఎక్కువగా వస్తారు కదా? (వ్యాపారి, అచ్చంపేట)

జవాబు: వద్దండి. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటువంటి అడవిలోకి అనుమతితోనే వెళ్లాలి, అనుమతించిన దారిలోనే తిరగాలి. డబ్బా కోసం దారి తప్పి తుప్పల్లోకి వెళ్లే ప్రతి మనిషీ అక్కడి జంతువులకూ, ఆ అడవినే ఇల్లుగా చేసుకున్న చెంచులకూ ఇబ్బంది. అసలు డబ్బాయే లేని ఎర్త్‌క్యాష్ అనే రకం 2004 నుంచి ఉన్నది. అందులో ఆ చోటి రాయినీ నేలనూ చూసి, అడిగిన ప్రశ్నలకు జవాబులు పంపాలి. స్థలం అధికారులు ఒప్పుకుంటే, అందరూ వెళ్లే దారి మీదనే దాన్ని ఏర్పాటు చేయవచ్చు.

ఇదే సందర్భంలో మహబూబ్‌నగర్ పిల్లలమర్రి గురించి కూడా చెప్పాలి. 2017 చివరలో కొమ్మ విరిగి, సందర్శకులను ఆపి, చెదలు తిన్న ఆ మహావృక్షానికి సెలైన్ సీసాలతో మందు ఎక్కించి బతికించుకున్నారు. దాని తొర్రల్లో డబ్బా పెట్టాలని నాకు ఇద్దరు రాశారు. అక్కడే కాదు, ఏ చెట్టుకూ మేకు కొట్టవద్దు, తొర్ర పెద్దది చేయవద్దు.

ప్రశ్న: ఘనపురం వైపు నేను పెట్టిన డబ్బా వానకు తడిసి పాడైందని ఎవరో రాశారు. నేను ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చేశాను. ఇప్పుడేం చేయాలి? (పాఠకుడు, వనపర్తి)

జవాబు: ముందుగా ఈ రోజే దాన్ని తాత్కాలికంగా నిలిపివేసినట్టు ప్రకటించండి, లేకపోతే ఎవరో ఒకరు వృథాగా గుట్ట ఎక్కుతారు. తరువాత నాలుగు వారాల్లోగా వెళ్లి బాగు చేయండి. మన ఎండకు చవక ప్లాస్టిక్ మూత వంకర పోతుంది. ఆ సందులోంచే మొదటి వానకు నీళ్లు దిగుతాయి. రబ్బరు వరుస ఉండి నాలుగు వైపులా బిగిసే డబ్బా తీసుకోండి. పుస్తకాన్ని జిప్పు కవరులో పెట్టండి. పెన్ను ఎండకు ఆరిపోతుంది కనుక పెన్సిలు ఉంచండి. పాత పుస్తకాన్ని పారేయకుండా ఫ్యాను కింద ఆరబెట్టి దాచుకోండి, అందులో అంతదూరం నడిచి వచ్చినవారి చేతిరాతలున్నాయి.

రెండు మూడు నెలలకోసారి వెళ్లి చూసే వీలు ఇక లేదనుకుంటే, ఊళ్లో ఉండే మరో ఆటగాడికి అతని ఇష్టంతో ఆ డబ్బాను అధికారికంగా బదిలీ చేయవచ్చు. అటువంటివారు దొరక్కపోతే జాబితాలోంచి శాశ్వతంగా తీసివేయండి. జాబితాలోంచి తీసివేయడంతో మీ పని అయిపోదు. దసరాకు ఊరికి వెళ్లినప్పుడు గుట్ట ఎక్కి డబ్బాను కిందికి తెచ్చేయండి, దిగేటప్పుడు ఆ చెలక రైతుకు కూడా తీసేశానని చెప్పి రండి.